మోటార్‌హోమ్ పైకప్పు అతుకులకు సీలెంటా, టేపా, పూతా?

ఇల్లులా అమర్చిన బండి, అంటే మోటార్‌హోమ్ లోపలి సీలింగ్ మీద గోధుమరంగు మరక కనబడే సరికి, నీరు పైన పలకల మధ్య తిరగడం మొదలై చాలాకాలమే అయి ఉంటుంది. ఈ బండ్ల పైకప్పు పొరలు పొరలుగా ఉంటుంది. అన్నిటికన్నా పైన పలుచని రబ్బరు లేదా ప్లాస్టిక్ పొర, దాని కింద ప్లైవుడ్ లాంటి చెక్క పలక, ఆ కింద దూలాలు, వాటి మధ్య ఇన్సులేషన్, చివరికి మన కంటికి కనబడే సీలింగ్. ముందు అంచున ఎక్కడో దిగిన నీరు దూలం వెంట పాకుతూ పోయి, నాలుగైదు అడుగుల అవతల మంచం మీదనో వంటగట్టు మీదనో బొట్టుగా రాలుతుంది. అందుకే మరక ఉన్నచోటికి సరిగ్గా పైన వెతికితే చాలాసార్లు ఏమీ దొరకదు. ఈలోగా చెక్క నానుతుంది, కుళ్లుతుంది, గోడల పొరలు ఒకదాన్నొకటి వదిలి ఉబ్బుతాయి. అక్కడిదాకా వచ్చాక మరమ్మతు వేల డాలర్ల మాట. అతుకుల్ని మూసి ఆ పరిస్థితి రాకుండా ఆపే సీలెంట్ గొట్టం ఖరీదు పదిహేను, ఇరవై డాలర్లకు అటూఇటూ.

చిక్కల్లా ఏ గొట్టం కొనాలన్నదే. ఆర్‌వీ (మోటార్‌హోమ్ లాంటి ఇంటి బండ్ల) సామాన్ల దుకాణంలో ఆ వరుస ముందు నిలబడితే ల్యాప్ సీలెంట్లు, బ్యూటైల్ టేపులు, సీమ్ టేపులు, సిలికాన్లు, పాలీయురేతేన్లు, బకెట్లలో అమ్మే పూతలు అన్నీ ఒకేచోట కనబడతాయి. అన్నిటి మీదా లీకులు ఆపుతామనే రాసి ఉంటుంది. అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో అద్దెకు తీసుకుని తిరగడంతో మొదలుపెట్టి, తర్వాత వాడిన మోటార్‌హోమ్ ఒకటి కొనుక్కున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల ఇబ్బంది ఇంకా ఎక్కువ, ఎందుకంటే పాత యజమాని పైన ఏం పూశాడో తెలియదు. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ల కోసం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ బ్రాండు అన్నది చివరన తేల్చుకోవాల్సిన సంగతి. అంతకుముందు మూడు సంగతులు తెలియాలి: పైకప్పు దేనితో చేశారు, అతుకు మీద ఇప్పటికే ఏముంది, ఆ అతుకును ఎప్పుడైనా మళ్లీ విప్పాల్సి వస్తుందా. మూడోదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నిజానికి సీలెంటుకూ టేపుకూ మధ్య ఎంపికను తేల్చేది అదే.

పైకప్పు ఏమిటో ముందు తేల్చుకోండి

రబ్బరు పైకప్పులని పిలిచేవి రెండు రకాలు ఎక్కువగా కనబడతాయి. ఒకటి ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరు, రెండోది టీపీఓ అనే ప్లాస్టిక్ పొర. ఈమధ్య కొన్ని బండ్లకు పీవీసీ కూడా వస్తోంది. కొన్ని మోటార్‌హోమ్‌లకు ఫైబర్‌గ్లాస్, పాతవాటికీ కొన్ని ప్రత్యేక తయారీలకూ అల్యూమినియం ఉంటాయి. చివరి రెండిటినీ గుర్తుపట్టడం తేలిక. వేలితో కొడితే గట్టిగా మోగుతాయి, నొక్కితే లొంగవు. రబ్బరు రకాల్లో ఏది ఏదన్నదే గందరగోళం. కొన్నేళ్లు ఎండలో ఉన్న ఈపీడీఎం మీద అరచేయి రుద్దితే సుద్దపొడిలాంటి తెల్లని ధూళి అంటుకుంటుంది. బండి పక్కల మీద వాన తర్వాత తెల్లని చారలు దిగేది కూడా దానివల్లే. టీపీఓ కాస్త నిగనిగలాడుతుంది, సుద్ద రాల్చదు. ఇంకా అనుమానం ఉంటే లోపలి నుంచి, గాలి కోసం పైకప్పుకు పెట్టే సీలింగ్ వెంట్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రాన్ని విప్పి చూడండి. కోసిన రంధ్రం అంచున పొర మందం, దాని అడుగు రంగు కనబడతాయి. అడుగు నల్లగా ఉంటే ఈపీడీఎం అయ్యే అవకాశం ఎక్కువ.

ఇది ఎందుకు ముఖ్యమంటే, ఈపీడీఎంకు పెట్రోలియం సరుకు పడదు. పెట్రోలు, డీజిలు, తారు, పెట్రోలియం ద్రావకాలతో చేసిన శుభ్రపరిచే మందులు తగిలితే ఆ రబ్బరు ఉబ్బి, కింద చెక్కను వదిలేస్తుంది. ఊళ్లో డాబా కారితే తారు పూయించడం మనకు అలవాటైన పని, పైగా బాగా పనిచేసే పని. అదే చెయ్యి ఇక్కడ తారు డబ్బా మీదికి పోకూడదు. టీపీఓ సమస్య వేరు. దాని ఉపరితలానికి చాలా జిగుర్లు సరిగ్గా పట్టవు. కాబట్టి డబ్బా మీద టీపీఓ అని స్పష్టంగా ఉంటేనే కొనాలి, ప్రైమర్ వాడమని రాసి ఉంటే ఆ అదనపు పని తప్పించుకోకూడదు. పీవీసీ అయితే బండి మాన్యువల్‌లో ఏ సీలెంటు పేరు ఉందో అదే వాడండి.

పైన ఇప్పటికే ఉన్నదాన్ని పరిశీలించడం రెండో పని. పొడిగా ఉన్న రోజు ఎక్కి, ప్రతి అతుకు వెంటా బొటనవేలితో నొక్కుతూ పోండి. బాగున్న ల్యాప్ సీలెంటు (వెంట్ల చుట్టూ కనబడే తెల్లని సీలెంటు) కొద్దిగా లొంగి మళ్లీ లేస్తుంది. పాడైనదానిలో సన్నని పగుళ్లు కనబడతాయి, అంచు పైకి లేచి గోరు దూరుతుంది, ఒక్కోచోట పెచ్చుగా ఊడి వస్తుంది. రబ్బరులా సాగుతూ, మెరుస్తూ, చుట్టూ ఉన్న రబ్బరును ఏమాత్రం అంటిపెట్టుకోకుండా తోలులా లేచి వచ్చేది కనబడితే అది సిలికాన్ అయి ఉంటుంది. దాని సంగతి తర్వాత చెబుతాను. అలాగే పాదం కింద పైకప్పు మెత్తగా దిగినట్టు అనిపిస్తే అక్కడ సీలెంటు ఎంపిక గురించి ఆలోచించడం ఆపండి. చెక్క కుళ్లింది. దానిమీద ఏది వేసినా లోపలి తడిని మూసిపెట్టినట్టే అవుతుంది.

ల్యాప్ సీలెంటు: తిరిగి విప్పే అతుకుల కోసం

అమెరికన్ ఆర్‌వీ పరిశ్రమకు కేంద్రమైన ఇండియానాలోని ఎల్క్‌హార్ట్ ప్రాంతంలో తయారై బయటికొచ్చే బండ్ల పైకప్పుల మీద వెంట్ల చుట్టూ తెల్లగా, ఒలికి గడ్డకట్టినట్టు కనబడేది సెల్ఫ్ లెవలింగ్ ల్యాప్ సీలెంటే. డైకార్ అనే పేరు ఇందులో ఎంత పాతుకుపోయిందంటే, చాలామంది ఏ కంపెనీ సీలెంటునైనా ఆ పేరుతోనే పిలుస్తారు. డైకార్ 501 దాని ప్రసిద్ధమైన రకం, గొట్టం 10.3 ఔన్సులు. ఆల్ఫా సిస్టమ్స్ లాంటి కంపెనీల సీలెంట్లు కూడా కర్మాగారాల్లో వాడతారు. మీ బండికి మొదట ఏది వేశారో మాన్యువల్‌లో దొరికితే దాన్నే కొనసాగించడం అన్నిటికన్నా సురక్షితం.

దీని గుణం పేరులోనే ఉంది. గొట్టాన్ని నొక్కే గన్‌తో స్క్రూ తలల మీదుగా లావుపాటి గీతలా వదిలితే, అది తనంతట తానే మెల్లగా పరుచుకుని స్క్రూ తలను ముంచేస్తుంది, వెంట్ అంచు దాటి రెండు పక్కలా పలచబడుతుంది. వేలితో దిద్దకూడదు. దిద్దితే పలుచనైపోయి ముందు అక్కడే పగులుతుంది. కొన్ని గంటల్లో పైన పొర కడుతుంది కానీ లోపలిదాకా గట్టిపడటానికి నెల వరకూ పట్టవచ్చు. 14 అంగుళాల మామూలు వెంట్ ఒకదానికి గొట్టం ఒకటి ఖర్చవుతుందని అనుకుని లెక్కవేసుకుంటే మధ్యలో దుకాణానికి పరుగెత్తాల్సిన అవసరం రాదు. పొదుపు చేయాల్సిన చోటు ఇది కాదు.

దీని గొప్ప సుగుణం ఏమిటంటే, పాతది గట్టిగా అంటుకుని ఉంటే దాన్ని పీకక్కర్లేదు. లేచిన పెచ్చులు మాత్రం తీసి, శుభ్రంగా కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక పైనే కొత్తది వేయవచ్చు. ఫ్యాను పాడైతే హీట్ గన్‌తో కాస్త వెచ్చచేసి ప్లాస్టిక్ స్క్రేపర్‌తో తీసేసి, ఫ్యాను మార్చి, మళ్లీ వేసుకోవచ్చు. వెంట్లు, ఫ్యాన్లు, స్నానాల గది మీది స్కైలైట్, యాంటెనా, మురుగు గొట్టాల పైమూతలు, సోలార్ పలకల బిగింపులు ఇవన్నీ ఏదో ఒకరోజు విప్పాల్సినవే. వడగళ్లకు వెంట్ మూతలు పగలడం టెక్సస్‌లో ఉన్నవాళ్లకు కొత్త సంగతి కాదు. ఇలాంటి చోట్లకు ల్యాప్ సీలెంటును మించినది నాకు తెలియదు.

దాని లోపం ఆయుర్దాయం. ఎండకు ఎండి, చలికి ముడుచుకుని, కొన్నేళ్లకు బీటలు వారుతుంది. చాలా కంపెనీల మాన్యువళ్లు అతుకులను 90 రోజులకోసారి చూడమని చెప్పేది ఇందుకే. చూసినట్టు రుజువు లేకపోతే పైకప్పు వారంటీ చెల్లదనే షరతు కూడా తరచుగా ఉంటుంది. కాబట్టి తేదీతో ఫొటోలు తీసి పెట్టుకోండి.

ఇంకొక హెచ్చరిక. పరుచుకునే రకాన్ని ఏటవాలు మీద వేయకూడదు. బండి ముందు భాగాన్ని మూసే అచ్చు ముక్క, అంటే ముందు క్యాప్ వంపు మీద వేస్తే అది జారి విండ్‌షీల్డ్ వైపు కన్నీటి చారల్లా దిగుతుంది, పైన అతుకు మాత్రం బోసిగా మిగులుతుంది. నిలువు చోట్లకూ వంపులకూ అదే కంపెనీ నాన్ శాగ్ పేరుతో జారని రకం అమ్ముతుంది. గొట్టాలు చూడటానికి ఒకేలా ఉంటాయి, కొనేటప్పుడు చదివి కొనండి.

కనబడని బ్యూటైల్ టేపు

ల్యాప్ సీలెంటు గురించి ఇంత చెప్పాక ఒక నిజం చెప్పాలి. అది రెండో కాపలా మాత్రమే. వెంట్ అంచుకూ పైకప్పుకూ మధ్య స్క్రూల ఒత్తిడికి నలిగి, రంధ్రాలన్నిటినీ నింపే బూడిదరంగు బ్యూటైల్ టేపు మొదటి కాపలా. ఎండ తగలదు కనుక అది చాలా ఏళ్లు మెత్తగానే ఉంటుంది. వెంట్ విప్పిన ప్రతిసారీ పాతది పూర్తిగా తీసి కొత్తది వేయాలి. బిగించాక పక్కలకు పొంగివచ్చిన దాన్ని మర్నాడు కోసి, స్క్రూలు ఇంకాస్త బిగించి, అప్పుడు పైన ల్యాప్ సీలెంటు వేయాలి. పాత బండ్లలో బ్యూటైల్ బదులు పుట్టీ టేపు ఉండేది, అది ఎండి పొడి అవుతుంది. పై సీలెంటు ఎన్నిసార్లు వేసినా ఒకే వెంట్ దగ్గర పదేపదే కారుతుంటే, దాన్ని విప్పి కింద టేపు మార్చడమే మార్గం. పైపైన ఇంకో గొట్టం ఖాళీ చేయడం డబ్బు దండగ.

సీమ్ టేపు: ఎప్పటికీ విప్పని పొడవాటి అతుకులకు

ఇటర్నాబాండ్ లాంటి టేపులు వేరే జాతి. అడుగున దట్టమైన జిగురు, పైన ఎండను తట్టుకునే తెల్లని పొర. 4 అంగుళాల వెడల్పు, 50 అడుగుల చుట్ట బాగా వాడకంలో ఉన్న కొలత. ధర ల్యాప్ సీలెంటుకు చాలా రెట్లు. కానీ పైకప్పు ముందు క్యాప్‌ను, వెనక క్యాప్‌ను కలిసే అడ్డ అతుకులు రెండూ కలిపినా పదహారు, పదిహేడు అడుగులకు మించవు. కాబట్టి ఒక చుట్టలో ఆ రెండూ అయిపోయి మిగులుతుంది కూడా.

దీని బలమూ బలహీనతా ఒకటే. అంటుకుంటే ఇక ఊడదు. రోలర్‌తో నొక్కిన కొద్దీ జిగురు బిగుస్తుంది. వంకరగా పడితే లేపి మళ్లీ వేయడం దాదాపు అసాధ్యం. ముందే పెన్సిలుతో గీత గీసుకుని, ఇద్దరు మనుషులు ఉండి, అడుగు పొడవున కాగితం తీస్తూ నొక్కుతూ వెళ్లడమే పద్ధతి. మొత్తం కాగితం ఒకేసారి తీస్తే గాలికి టేపు మెలికపడి తనకు తానే అంటుకుపోతుంది. మూలలను గుండ్రంగా కత్తిరించాలి, పదునైన మూల ఎప్పటికైనా లేస్తుంది. వేశాక రోలర్‌తో మధ్య నుంచి అంచులకు గట్టిగా ఒత్తాలి. ఈ చివరి పనిని చేత్తో తడిమి సరిపెట్టినవాళ్ల టేపులే తర్వాత లేచాయని ఫిర్యాదులు వస్తాయి.

టేపు కింద చదునుగా ఉండాలి. గడ్డలు కట్టిన పాత ల్యాప్ సీలెంటు మీద వేస్తే మధ్యలో ఖాళీలు మిగిలి, నీటికి సొరంగాలు తయారవుతాయి. కాబట్టి ఇక్కడ పాతదాన్ని పూర్తిగా గీకాల్సిందే. క్యాప్ అతుకు ఒక్కటి గీకడానికి సగం రోజు పట్టినా ఆశ్చర్యం లేదు. ఓపిక లేకపోతే జారని రకం ల్యాప్ సీలెంటే మళ్లీ వేసుకోండి. సగం గీకి వేసిన టేపు కన్నా శ్రద్ధగా వేసిన సీలెంటు నయం.

నా ఓటు: ముందు, వెనక క్యాప్ అతుకులకు, పొడవాటి తిన్నని అతుకులకు, పైపొర చిరుగులకు టేపు. వెంట్ల చుట్టూ టేపు వేయడాన్ని నేను సమర్థించను. కొందరు ఒకేసారి తలనొప్పి వదిలించుకుందామని అన్నిటికీ చుట్టేస్తారు. అయిదేళ్ల తర్వాత ఫ్యాను మార్చాల్సి వస్తే ఆ టేపుతోపాటు కింది రబ్బరు పొర కూడా చిరిగి వస్తుంది.

సిలికాన్ వద్దు, పాలీయురేతేన్ ఆచితూచి

వెనిగర్ వాసన వచ్చే మామూలు స్నానాల గది సిలికాన్ హార్డ్‌వేర్ దుకాణంలో చవకగా దొరుకుతుంది, ఇంట్లో ఒక గొట్టం ఉండనే ఉంటుంది. రబ్బరు పైకప్పు మీద అది ఎక్కువ కాలం పట్టుకోదు. అంతకన్నా పెద్ద నష్టం తర్వాత తెలుస్తుంది. సిలికాన్ వేసిన చోట మరేదీ అంటదు, కొత్త సిలికాన్ కూడా సరిగ్గా అంటదు. గీకేశాక కూడా కంటికి కనబడని జిడ్డుపొర మిగిలిపోతుంది. పాత యజమాని ఇది పూసి ఉంటే, ముందు స్క్రేపర్‌తో వీలైనంత తీసి, సిలికాన్‌ను తొలగించే మందు మీ పైకప్పు రకానికి పడుతుందో లేదో చదివి, చిన్న మూలలో పరీక్షించి వాడండి. నీళ్లు చల్లి చూడటం ఒక మంచి పరీక్ష. నీరు ముత్యాల్లా దొర్లిపోతుంటే జిడ్డు ఇంకా ఉంది, సమంగా పరుచుకుంటే తుడిచి పని మొదలుపెట్టవచ్చు.

పాలీయురేతేన్ సీలెంట్లు, ముఖ్యంగా సికాఫ్లెక్స్ 221 లాంటివి, ఫైబర్‌గ్లాస్, అల్యూమినియం పైకప్పుల మీద బాగా పట్టుకుంటాయి, బండి కదలికకు సాగుతాయి. ఎండకు రంగు మారడం వీటి లోపం. రబ్బరు పైకప్పు మీద మాత్రం కంపెనీ అనుమతి లేకుండా వాడకండి. పడవల పనికి పేరున్న త్రీఎం 5200ను కొందరు గొప్పగా చెబుతారు. అది శాశ్వతంగా అంటించడానికి తయారైన సరుకు. దానితో బిగించిన వెంట్‌ను విప్పాలంటే వెంట్‌ను పగలగొట్టాల్సి వస్తుంది. అంత బలం మనకు అక్కర్లేదు. బండి నడిచినంతసేపూ చట్రం మెలితిరుగుతూ ఉంటుంది, అతుకుకు కావలసింది సాగే గుణం.

పూత ఎప్పుడు, ఎవరికి

బకెట్లలో అమ్మే ద్రవ పూతల మీద ప్రకటనలు చూసి చాలామంది ఇదే మొదట చేద్దామనుకుంటారు. నాకు అభ్యంతరం ఉన్నది అక్కడే. పూత పైకప్పు మొత్తానికి వేసే చికిత్స. అతుకులు బాగుచేయడానికి అది ప్రత్యామ్నాయం అవదు. పగిలిన అతుకు మీద నేరుగా పూత వేస్తే, బండి రోడ్డెక్కిన కొద్ది రోజులకే ఆ పగులు పూతలోంచి మళ్లీ గీతలా కనబడుతుంది. ముందు అతుకులు, తర్వాత పూత. కొత్తగా వేసిన ల్యాప్ సీలెంటు మీద పూత వేయడానికి కొన్ని కంపెనీలు వారాల తరబడి ఆగమంటాయి.

పూత అర్థవంతమయ్యేది పొర వయసైపోయి, సుద్ద రాలి రాలి పలుచబడి, కింద చెక్క మాత్రం ఇంకా గట్టిగా ఉన్నప్పుడు. అప్పుడు పొర మొత్తం మార్పించే వేల డాలర్ల ఖర్చును కొన్నేళ్లు వాయిదా వేయవచ్చు. వీటిలో యాక్రిలిక్ పూతలు చవక, కుంచెలను నీటితో కడుక్కోవచ్చు, కానీ నీరు నిలిచే పల్లాల్లో మెత్తబడి ఊడతాయి, ఆరక ముందు మంచు పడితే కరిగిపోతాయి. సిలికాన్ పూతలు నిలిచిన నీటిని తట్టుకుంటాయి, ఎండకూ ఆగుతాయి. కాకపోతే ఒకసారి సిలికాన్ పూత వేశాక ఆ పైకప్పు జీవితాంతం సిలికానే. ఇక దానిమీద ల్యాప్ సీలెంటు పట్టదు, టేపు పట్టదు. ఆ నిర్ణయం వెనక్కి తీసుకోలేనిది కనుక కొత్త బండి మీద, ఆరేడేళ్ల బండి మీద వేయవద్దని గట్టిగా చెబుతాను. నిపుణులు వచ్చి మందంగా స్ప్రే చేసే పాలీయూరియా, పాలీయురేతేన్ పైకప్పులు ఇంకో స్థాయి. ధర వేలల్లో, కానీ అతుకుల్లేని ఒకే పొరగా వస్తాయి. పదేళ్లపాటు ఆ బండిలోనే ఉండే ఆలోచన ఉన్నవాళ్లకు అది ఆలోచించదగ్గదే. రెండేళ్లలో అమ్మేద్దామనుకుంటే అనవసరం.

బండిలో ఒక్కో చోటు

వెంట్లు, ఫ్యాన్లు, గొట్టాల మూతల సంగతి చెప్పాను: కింద బ్యూటైల్, పైన ల్యాప్ సీలెంటు. క్యాప్ అతుకులు: గీకే ఓపిక ఉంటే టేపు, లేదంటే జారని రకం సీలెంటు.

ఏసీ చుట్టూ మాత్రం ఏమీ పూయకండి. పైకప్పు ఏసీ కింద 14 అంగుళాల చదరపు రంధ్రం చుట్టూ నురుగు గాస్కెట్ అనే మెత్తని పట్టీ ఉంటుంది, లోపలి నుంచి నాలుగు పొడవాటి బోల్టులు దాన్ని నొక్కి పెడతాయి. ఏసీ ఆడుతున్నప్పుడు తయారయ్యే నీరు ఏసీ అడుగు నుంచే పైకప్పు మీదికి కారిపోవాలి. చుట్టూ సీలెంటు వేస్తే ఆ దారి మూసుకుని నీరు లోపలికే వస్తుంది. ఏసీ దగ్గర కారుతుంటే ముందు లోపలి మూత తీసి బోల్టులు వదులయ్యాయేమో చూడండి. బిగించినా ఆగకపోతే గాస్కెట్ మార్చండి. ఎండాకాలం మధ్యాహ్నం, ఆకాశంలో మబ్బు తునక లేనప్పుడు కారే నీటిని వాన లీకని పొరబడి పైకప్పంతా సీలెంటు పూసేవాళ్లూ ఉన్నారు.

పక్కల అంచుల వెంట పోయే అల్యూమినియం పట్టీలో ఒక ప్లాస్టిక్ రిబ్బను ఉంటుంది. దాన్ని కొద్దిగా పైకి లాగి చూస్తే కింద వరుసగా స్క్రూలు. ఏళ్లు గడిచేకొద్దీ రిబ్బను కుంచించుకుపోయి చివర్లో రెండు మూడు స్క్రూలు బయటపడతాయి. తుప్పుపట్టిన స్క్రూ అంటే నీరు అక్కడి నుంచి దిగుతోందనే అర్థం. స్క్రూను స్టెయిన్‌లెస్ స్టీలుదానితో మార్చి, తలకు సీలెంటు పెట్టి, కొత్త రిబ్బను తొడిగితే సరి. పట్టీ పై అంచున పైకప్పుతో కలిసే చోట జారని రకం సీలెంటు సన్నగా వేయాలి. పక్కన నీరు పారే కాలువలో మాత్రం ఏమీ పడకూడదు.

డ్రైవరు తల మీదుగా మంచం ఉండే క్లాస్ సీ మోటార్‌హోమ్ కొన్నవాళ్లు ఆ ముందు భాగాన్ని ప్రత్యేకంగా చూడాలి. గాలీ వానా నేరుగా కొట్టేది అక్కడే. పైకప్పు అతుకులన్నీ బాగున్నా అక్కడి చిన్న నారింజరంగు దీపాల వెనక నుంచి నీరు దిగుతుంది. దీపం విప్పి, పాత గాస్కెట్ తీసి, పై భాగానికీ రెండు పక్కలకూ సీలెంటు వేసి, కింద మాత్రం వదిలేయండి, లోపలికి వచ్చిన తడి బయటికి పోవడానికి. ఆ మంచం పరుపు లేపి మూలల్లో చెయ్యి పెట్టి చెమ్మ చూడటం కొనేముందే చేయాల్సిన పని. ముప్పై నలభై డాలర్లకు దొరికే తేమ మీటరు కూడా తీసుకెళ్తే ఇంకా మంచిది.

మీరు ఉండే చోటు కూడా ఎంపికను కొంత మారుస్తుంది. అరిజోనా ఎండలో సీలెంటు త్వరగా ఎండి పగులుతుంది కనుక అక్కడ పొడవాటి అతుకులకు టేపు పెట్టిన ఖర్చు త్వరగా తీరుతుంది. మిషిగన్, మిన్నెసోటా వైపు చలికి పగుళ్లలో చేరిన నీరు గడ్డకట్టి వాటిని ఇంకా తెరుస్తుంది. అక్కడివాళ్లు పని అంతా శరదృతువు ముగిసేలోపే పూర్తిచేసుకోవాలి. చాలా సీలెంట్లకు 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పైన, పొడి వాతావరణం కావాలి. సియాటిల్ వైపు వాన తెరిపి ఇచ్చే వేసవి రోజులే అదను.

పైకి ఎక్కడం గురించి ఒక మాట. వెనక నిచ్చెన మీద బరువు పరిమితి రాసి ఉంటుంది, చూడండి. కొన్ని పైకప్పులు మనిషి నడవడానికి చేసినవి కావు, వాటిమీద ప్లైవుడ్ ముక్క వేసుకుని మోకాళ్ల మీద పనిచేయాలి. తెల్లవారుజామున మంచు తడికి రబ్బరు సబ్బులా జారుతుంది. పన్నెండడుగుల ఎత్తు నుంచి పడితే ఏ లీకూ గుర్తుండదు. ఎత్తంటే భయం ఉంటే, మోకాళ్లు సహకరించకపోతే సంకోచించకుండా మెకానిక్‌కు అప్పగించండి. బండి లోపలికి గాలి పట్టించి, బయట అతుకుల మీద సబ్బునీరు చల్లి, బుడగలు వచ్చే చోటును పట్టుకునే పరీక్ష కొందరు చేస్తారు. ఎక్కడ కారుతోందో అంతుచిక్కని బండికి సీలెంట్ల మీద పెట్టే డబ్బు కన్నా ఆ పరీక్షకు పెట్టే డబ్బు సార్థకం.

సీలెంటు ఆరాక తోట గొట్టంతో పరీక్షించండి. ప్రెషర్ వాషర్ మాత్రం అతుకుల దగ్గరికి తేవద్దు, బాగున్నవాటిని కూడా లేపేస్తుంది. కింది నుంచి మొదలుపెట్టి, పక్క కిటికీలు, దీపాలు, అంచు పట్టీలు, చివరికి పైకప్పు, ఒక్కోచోట పది నిమిషాలు నీరు పారనివ్వండి, లోపల ఒకరు టార్చిలైటుతో చూస్తూ ఉండాలి. ముందే పైనుంచి పోస్తే నీరు అన్నిటి మీదుగా దిగి, ఏ అతుకు కారిందో తెలియదు.

ప్రయాణంలో కప్‌బోర్డులో ఒక గొట్టం ల్యాప్ సీలెంటు, గన్, అడుగు రెండడుగుల టేపు ముక్క, చిన్న రోలర్, ఆల్కహాల్ సీసా ఉంచుకోండి. చెట్టుకొమ్మ గీరి రబ్బరు చిరిగితే తుడిచి, పొడిగా ఆరనిచ్చి, చిరుగుకు రెండంగుళాలు దాటేలా టేపు వేసి నొక్కితే ఇంటికి చేరేదాకా, చాలాసార్లు ఆ తర్వాత కూడా, ఆగుతుంది.